పుర్రచెయ్యి అని రాసిన చీటీ

నా రిటైర్మెంటు సభలో ఒక కథ చెప్పాను. చచ్చిపోయిన చెయ్యిని ఇరవైఒక్క రోజుల్లో లేపిన కథ. చప్పట్లు బాగానే పడ్డాయి. ముందు వరసలో ఒకాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు. ఆ కథలో పాప నిజం, చెయ్యి నిజం, నేను నిజం. తక్కినదంతా మెళ్లో దండ బరువుకి నోటికొచ్చింది.

మొన్న ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఇద్దరు ఇంటికొచ్చి, "సార్, ఆ కథ రాసివ్వండి, మా వాళ్లకి చదివి వినిపిస్తాం" అన్నారు. నోటితో ఎన్ని కోతలైనా కోయొచ్చు. కాగితం ముందు కూర్చునేసరికి పెన్ను కదల్లేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మధ్యలో గొప్పలు దొర్లితే అలవాటనుకోండి, పక్క వాక్యంలోనే దిద్దుకుంటాను.

నేను ఫిజియోథెరపిస్టుని. పల్లెజనం నోట్లో ఆ మాట తిరగదు, "కసరత్తు సారు" అనేవాళ్లు. కర్నూల్లో ఒక ఆసుపత్రిలో, పిల్లల విభాగంలో, ముప్పై ఏళ్లు చేశాను. ముప్పై కాదు, ఇరవైయేడు. నెలకోసారి డోన్‌లో శిబిరం పెట్టేవాళ్లం. మెడ నిలవని పిల్లలు, నడక రాని పిల్లలు, కాళ్లు వంకరపోయిన పిల్లలు పొద్దున్నే వచ్చి వరసలో కూర్చునేవాళ్లు. మధ్యాహ్నం ప్యాసింజరు పట్టుకుంటే సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. ఆ రైలు మీద నాకు ఎప్పుడూ ఒక కన్నుండేది.

ఇది పదమూడేళ్ల కిందటి మాట. ఆ రోజు శిబిరానికి ముగ్గురు ట్రైనీ అమ్మాయిలు నాతో వచ్చారు. నేనేమన్నా నవ్వుతున్నారు. నాకంటే పదేళ్లు చిన్నవాడు కూడా అంత చలాకీగా ఉండడని నా నమ్మకం. ఉత్సాహం ఎక్కువైంది, ఒక్కో బిడ్డ దగ్గరా ఒక్కో జోకు పేలుస్తున్నాను.

రైలుకి ఇంకా అరగంట ఉందనగా ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. డోన్‌కి పడమటి పల్లె. మొగుడు నాపరాళ్ల పాలిష్ పనికి పోతాడు, అత్త చేనికి పోయింది, ఒక్కతే బస్సెక్కి వచ్చింది. చంకలో ఎనిమిది నెలల ఆడబిడ్డ, బొద్దుగా, నవ్వుమొహంతో ఉంది.

"ఏమ్మా, ఏం కష్టమొచ్చింది మహారాణికి?"

"సార్, పాప ఏమిచ్చినా ఎడమచేత్తోనే పట్టుకుంటాది. కుడిచెయ్యి ఎప్పుడు జూసినా పిడికిలి బిగించుకోనే ఉంటాది. నాకు బయమైతాండాది."

గిలక్కాయ చూపించాను. పాప ఎడమచేత్తో ఠక్కున లాక్కుంది. ట్రైనీలు ముచ్చటపడ్డారు.

"పుర్రచెయ్యమ్మా. మా తాతది కూడా పుర్రచెయ్యే, నూరు పుట్ల జొన్నలు పండించినాడు."

మా తాతకి ఉన్నది రెండెకరాలు.

"మరి పిడికిలి సార్?"

"దాంట్లో బెల్లం దాచుకుందేమోలే! నీకు పెట్టాల్సొస్తుందని తెరవడంలేదు."

ట్రైనీలు పగలబడి నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వినట్టు పెదాలు కదిపింది. చీటీ రాసిచ్చాను. నేను చీటీలు తెలుగులో రాసేవాణ్ణి, అదో గొప్ప నాకు. "పుర్రచెయ్యి. భయం లేదు. మళ్లీ రానవసరం లేదు." కింద పాము పాకినట్టు ఒక సంతకం. రైలు అందింది. కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

పిల్లలూ, ఏడాది నిండని బిడ్డకి చేతివాటం ఉండదు. రెండు చేతులూ సమానంగా చాచాలి. ఒక చెయ్యే వాడుతోందంటే రెండో చెయ్యి పనిచేయడంలేదని అర్థం. ఈ సంగతి మీకు పుస్తకంలో ఉంటుంది. నాకూ ఉండింది. ఇంకా చెప్పాలంటే, ఆ ట్రైనీలకి అంతకు ముందు వారమే నేను పాఠం చెప్పాను. బిడ్డ వాడే చేతిని మెత్తగా పట్టుకుని, వస్తువుని రెండో వైపు చూపించి, ఆ చెయ్యి వస్తుందా రాదా అని చూడాలి. ఒక్క నిమిషం పని. ఆ నిమిషం నా దగ్గర లేక కాదు. అది నా జోకుకి ఖర్చయింది.

తరవాత ఆ ఇంట్లో జరిగింది నాకు ముక్కలుముక్కలుగా తెలిసింది. పుర్రచెయ్యంట అని కోడలు చెప్పగానే అత్త ఒప్పుకోలేదు. ఆడపిల్ల, రేపు ఎడమచేత్తో వడ్డిస్తే ఎవరు తింటారు, ఎడమచేత్తో పసుపిస్తే ఎవరు తీసుకుంటారు? ఇప్పుడే మాన్పించాలని పాత చీరకొంగు చింపి, తిండిపెట్టే వేళల్లో బిడ్డ ఎడమచెయ్యిని నడుముకి కట్టేసేది. గిన్నె ముందు పెట్టి కుడిచేత్తో తినమనేది. ఆ చెయ్యి లేస్తే కదా. బిడ్డ ఏడ్చి ఏడ్చి తినకుండానే నిద్రపోయేది. "తల్లి మొండితనం బిడ్డకొచ్చిండాది" అనేది అత్త. ఐదు నెలలు అలా గడిచాయి.

పదమూడో నెలలో ఒక పొద్దున పాప కుడిచెయ్యి, కుడికాలు, కుడివైపు మూతి కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఆపకుండా కొట్టుకున్నాయి. జీపులో డోన్‌కి, అక్కణ్ణించి కర్నూలుకి, మా ఆసుపత్రికే తెచ్చారు.

ఫిట్స్ ఆగాక స్కాన్ తీశారు. మా పిల్లల డాక్టరమ్మ నాకంటే చాలా చిన్నది, మాట మాత్రం కత్తి. ఫిల్ము వెలుతుర్లో పెట్టి నన్ను పిలిచింది. మెదడు ఎడమవైపు ఒక చోట, తినేసిన రొట్టెముక్కలాగా ఖాళీ.

"పాతది. పుట్టే ముందో, పుట్టిన రెండు మూడు రోజుల్లోనో రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. పక్షవాతం. ఇన్నాళ్లూ ఎవరూ గుర్తుపట్టలేదు. కుడిచెయ్యి మీ దగ్గరికి పంపిస్తున్నాను, చూడండి."

అప్పటికి నాకేమీ గుర్తులేదు. ఎన్ని వందల మంది పిల్లలు! మధ్యాహ్నం ఆ తల్లి పాపని ఎత్తుకుని నా గదికొచ్చింది. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. కవర్లో కాగితాలు నా బల్ల మీద పెట్టి పక్కకి నిలబడింది. టీకాల కార్డు, పుట్టిన పత్రం, దాని కింద నా తెలుగు.

తలెత్తి చూస్తే ఆమె నన్నే చూస్తోంది. గుర్తుపట్టిందా, లేదా? ఆ ముఖంలో ఏమీ దొరకలేదు. పాపకి నీళ్లు పట్టడానికి ఆమె అటు తిరిగినప్పుడు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆలోచించి తీయలేదు. చెయ్యే తీసింది. కుడిచెయ్యి, ఏ జబ్బూ లేని చెయ్యి.

తరవాత పరీక్ష చేశాను. పాప ఎడమచెయ్యిని నా వేళ్లతో మెత్తగా పట్టుకుని, కుడివైపు ఒక స్టీలు మూత తళతళలాడించాను. పాప చూసింది. కావాలనుకుంది. భుజం కదిలింది, మోచెయ్యి కాస్త వణికింది, పిడికిలి మాత్రం విడలేదు. ఏడుపు లంకించుకుంది. వదిలేశాను. అంతా కలిపి ఒక నిమిషం కూడా కాలేదు.

"ఇంతేనా సార్?" అంది తల్లి.

"ఏమిటమ్మా?"

"పరీచ్చ. ఇంతేనా?"

"ఇంతే" అన్నాను.

ఆమె కాగితాలు కవర్లో పెట్టుకుని పాపని ఎత్తుకుంది.

మర్నాడు రౌండ్స్‌లో డాక్టరమ్మ మంచం దగ్గర ఆగింది. అత్తా కోడలూ ఇద్దరూ ఉన్నారు. నేను కాళ్ల వైపు నిలబడ్డాను. డాక్టరమ్మకి అలాంటి బిడ్డల్ని చూస్తే కోపం, బాధ ఒకేసారి వస్తాయి.

"ఏమ్మా, చెయ్యి ఇంత బిగుసుకునేదాకా ఏం చేస్తున్నావు? ఐదారు నెలలప్పుడే తెలిసిపోతుంది. తల్లివి, నీకు అనుమానం రాలేదా? ఎక్కడా చూపించలేదా?"

ఆ అమ్మాయి డాక్టరమ్మని చూసింది. తరవాత నన్ను చూసింది. తల దించుకుంది.

"దాన్ని అడుగుతే ఏం తెలుస్తాది మేడమ్మా" అంది అత్త. "కడుపుతో ఉండి గ్రహణం పొద్దు కత్తిపీట ముందర కూచున్యాది, వద్దు వద్దంటే యినకుండా వంకాయలు తరిగింది. ఇప్పుడు అనుబవిస్తాండాం."

"గ్రహణానికీ దీనికీ సంబంధం లేదమ్మా. ఇది ఎవరి తప్పూ కాదు."

"ఎవురి తప్పూ కాకుంటే ఎట్లొచ్చె?"

డాక్టరమ్మ విసుక్కుని పక్క మంచానికి పోయింది. నేనూ ఆమె వెనకే పోయాను. చాలా వేగంగా పోయాను.

ఇంటికెళ్లి చీటీ చింపుదామని రెండుసార్లు తీశాను. చింపలేదు, చూపించలేదు. మూడు రోజుల్లో మూడు చొక్కాలు మారాయి. చీటీ మాత్రం ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారుతూనే ఉంది. మా ఆవిడ అడిగింది, గుండె నొప్పా, అస్తమానం అక్కడ చెయ్యి పెట్టుకుంటున్నారని. గ్యాసన్నాను.

నన్ను నేను సమర్థించుకోవడంలో నాకు మించిన వకీలు రాయలసీమలో లేడు. ఆ ఐదు నెలలు ముందు మొదలుపెట్టినా చెయ్యి పూర్తిగా వచ్చేది కాదు కదా, అనుకున్నాను. నిజమే, వచ్చేది కాదు. కాని పసి మెదడు దారులు వెతుక్కునే కాలం అది. దెబ్బతిన్న చోటుని వదిలేసి పక్కనుంచి పోవడానికి ప్రయత్నిస్తుంది. ఆ కాలంలో వాడని చెయ్యిని మెదడు మర్చిపోతుంది. ఐదు నెలలు ఆ పాప తన చెయ్యిని మర్చిపోతూ వచ్చింది, నేను సంతకం పెట్టి మరీ మర్చిపొమ్మన్నాను.

నాలుగో రోజు డిశ్చార్జి. ఆ రోజే అసలు సంగతి మొదలైంది.

నేను వార్డుకి పోయేసరికి మూటలు కట్టేశారు. పాప తండ్రి ఆటో పిలవడానికి కిందికి దిగబోతున్నాడు. మాత్రల చీటీ మంచం మీదే పడుంది. అత్త సంచీ భుజానికి తగిలించుకుని నిలబడింది.

"వారానికోసారి తీసుకురావాలమ్మా. మాత్రలు ఒక్కపూట కూడా ఆపకూడదు" అన్నాను.

"మేము రామప్పా. మా ఊరి పక్కన పచ్చవాతానికి పావురం నెత్తురు పట్టించేటాయన ఉండాడు. శానామందికి నయమయిండాది."

"మాత్రలు ఆపితే మళ్లీ ఫిట్స్ వస్తాయి. ఈసారి ఎంతసేపు ఉంటాయో చెప్పలేం."

"నీకు ఒకటడుగుతా, చెప్పు. ఈ చెయ్యి పుట్టినప్పట్నుంచీ ఇట్లే ఉండాదంటిరి. మరి టీకాలు యేసినోళ్లు చూసిరి, తూకం చూసినోళ్లు చూసిరి. ఒక్కరన్నా చెప్పిరా? మీకే తెలీనప్పుడు మిమ్మల్ని ఎందుకు నమ్మాల?" కోడలి వైపు తిరిగింది. "ఇదేమో డోన్‌లో చూపించినా, ఏం లేదన్యారు అంటాది. చీటీ ఏదే అంటే కనపడలేదంటాది. అప్పుడు చెప్పిందీ కల్లబొల్లి మాటలే. బిడ్డని నాకిడిసి నువ్వు ఆత్మకూరుకి, మీయమ్మగారింటికి పో. చూసుకున్యంత కాలం చూసుకుంటివి."

ఆ అమ్మాయి అప్పుడు కూడా నా పేరెత్తలేదు. కవర్లో కాగితాలు మళ్లీ ఒక్కొక్కటీ తీసి వెతుకుతోంది. టీకాల కార్డు తీసింది, పుట్టిన పత్రం తీసింది, మళ్లీ టీకాల కార్డు తీసింది. చంకలో పాప ఎడమచేత్తో ఆమె తాళి పట్టుకుని లాగుతోంది.

ఇక్కడ నేను సభలో ఏం చెప్పానంటే, సింహంలా ముందుకొచ్చి గర్జించానని. అంత లేదు. నా గొంతు సన్నగా వచ్చింది. జేబులోంచి చీటీ తీయబోతే చొక్కా గుండీకి చిక్కుకుంది.

"చీటీ నా దగ్గరుంది" అన్నాను.

ముగ్గురూ ఆగిపోయారు.

"ఆ పొద్దు డోన్‌లో చూసింది నేనే. ఆ అమ్మాయి బిడ్డకి చెయ్యి రావడంలేదని, పిడికిలి విడవడంలేదని సరిగ్గానే చెప్పింది. నేను చూడలేదు. పుర్రచెయ్యని రాసి పంపించేశాను. మొన్న ఈ కవర్లోంచి తీసి జేబులో పెట్టుకుంది కూడా నేనే. ఆమె తప్పేమీ లేదు. గ్రహణం తప్పు లేదు, వంకాయల తప్పు లేదు. పక్షవాతం వచ్చింది ఎవరివల్లా కాదు. ఐదు నెలలు పోయింది మాత్రం నావల్ల."

తండ్రి గుమ్మం దగ్గరినుంచి వెనక్కొచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. గోడకానుకుని నిలబడిపోయాడు.

అత్త నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"పాప పిడికిట్లో బెల్లం దాచుకుందంటివంట గదా ఆ పొద్దు. ఇది ఇంటికొచ్చి చెప్పింది. మరి ఈ మూడు దినాలు నువ్వేం నోట్లో పెట్టుకొనింటివి, బెల్లమా?"

జోకులకి ఎప్పుడూ వెతుక్కోని నేను ఆ రోజు నిలబడ్డ చోటే నిలబడ్డాను.

ఆమె సంచీ దించి మంచం మీద పెట్టింది. "చెప్పు. ఇప్పుడేం చెయ్యాల్నో చెప్పు. ఈసారి తిన్నగా చెప్పు."

చెప్పాను. మాత్రల సంగతి ముందు చెప్పాను. తరవాత చెయ్యి. ఎడమచెయ్యిని నడుముకి కట్టెయ్యడం తప్పన్నాను. రోజుకి ఒక గంట, బిడ్డ కడుపు నిండి ఆడుకునే వేళలో, ఎడమచేతికి మెత్తటి గుడ్డసంచి తొడగాలి. కుడిచేతికి పని పెట్టాలి. ఆట పెట్టాలి. అత్త నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నేను కడితే తప్పంటిరి. ఇప్పుడు నువ్వే కట్టమంటాండావే!"

"నువ్వు శిక్షకి కట్టావవ్వా, అన్నం ముందు పెట్టి. నేను ఆటకి తొడగమంటున్నాను. ఏడిస్తే తీసెయ్యాలి. ఆ చెయ్యి పక్కన నువ్వు కూర్చోవాలి. చిటికెనవేలు కదిలించినా మెచ్చుకోవాలి."

కోడలు చెంగుతో ముఖం తుడుచుకుంటోంది. తరవాత ఎప్పుడో అడిగాను, రౌండ్స్ రోజు డాక్టరమ్మతో నా పేరెందుకు చెప్పలేదని. "మీకు కోపమొస్తే పాప చెయ్యి యాడ చూపించాల సార్? ఈడ ఇంకెవురుండారు?" అంది. ఇన్నేళ్లలో నన్ను తిట్టినవాళ్లు చాలామంది. ఆ మాట తిట్టినంత గట్టిగా ఎవరూ తిట్టలేదు.

డాక్టరమ్మ దగ్గరికి నేనే వెళ్లి చెప్పాను. విని, కాసేపు పెన్ను మూత పెట్టి తీసి పెట్టింది. "చీటీ ఎక్కడినుంచి తీశారో అక్కడే పెట్టండి" అంది. ఆ తల్లి దగ్గరికి తనే పోయి, మంచం పక్కన కూర్చుని మాట్లాడింది. ఏం మాట్లాడిందో నేను వినలేదు. మరుసటి నెలనుంచి శిబిరాల్లో నా పక్కన ఇంకో థెరపిస్టు ఉండేలా వేసింది. ఉత్తర్వు కాగితం నా బల్ల మీద చాలాకాలం ఉంది. సభలో దాని సంగతి చెప్పలేదు.

వారం వారం బస్సులో వచ్చేవాళ్లు. గుడ్డసంచి అవ్వే కుట్టింది, తన పాత రవికగుడ్డతో. మొదటి నెల ఏమీ కదల్లేదు. రెండో నెల అవ్వ ఒక పని చేసింది, నా పుస్తకాల్లో లేనిది. పాప కుడి అరచేతిలో వేళ్ల మధ్య బెల్లం ముక్క పెట్టి, "తీసుకో, నాదే" అనేది. పాప ఆ పిడికిలిని నోటిదాకా తెచ్చుకోవాలని తంటాలు పడేది. "చూడప్పా, నువ్వు చెప్పిన బెల్లం నేనే పెట్టినా" అని నన్ను చూసి పళ్లు ఇకిలించేది. నాలుగో నెల పాప బొరుగుల్ని కుడిచేత్తో నేలమీద తడిమింది. ఒకటి వేళ్ల మధ్య ఇరుక్కుంది. నోటిదాకా రాలేదు, దారిలో జారిపోయింది. వాళ్ల నాన్నతో కలిపి మేం నలుగురం దానికి చప్పట్లు కొట్టాం.

ఇరవైఒక్క రోజులన్నాను కదా సభలో. నాలుగేళ్లు. అప్పటికీ చెయ్యి లేవలేదు, సాయం చేసే చెయ్యి అయింది, అంతే. పాప పందొమ్మిదో నెలలో నడిచింది. కుడిమడమ ఇప్పటికీ నేలకి పూర్తిగా ఆనదు, బూటులో పట్టీ పెట్టుకుంటుంది. మెదడు ఎడమవైపు పోయింది, మాట రాదేమోనని భయపడ్డాం. ఆలస్యంగా వచ్చింది, వచ్చాక ఆగలేదు. మాత్రలు ఆపి చూస్తే ఐదో ఏట మళ్లీ ఒకసారి ఫిట్స్ వచ్చాయి, మళ్లీ మొదలుపెట్టారు. లెక్కలు కష్టం. తొందరగా అలసిపోతుంది. రాసేది ఎడమచేత్తోనే. అవ్వ దాని గురించి ఇప్పుడు ఒక్క మాట అనదు. ఇదే జబ్బుతో వచ్చిన ఇంకో బాబుకి మేం అన్నీ సమయానికి చేసినా మాట రాలేదు. వేరొక పాప ఏ లోపం లేకుండా పరిగెత్తింది. ముందే చెప్పగలిగే మొనగాణ్ణి నేను కాదు, మీరూ కారు. ఆ ఒక్క నిమిషం మాత్రం మన చేతిలో ఉంటుంది.

ఇప్పుడు నేను కడపలో ఉంటున్నాను. పోయిన నెల రాజంపేటలో పెళ్లికి పోయి తిరిగొస్తూ ఆ తల్లీకూతుళ్లు మా ఇంటికొచ్చారు. పాప తొమ్మిదో తరగతి. ఆ సమయానికి పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరు నా ఎదురు కుర్చీలో ఉన్నాడు. నన్నాపగలవాళ్లు ఎవరు?

"ఈ పిల్లే సార్, నేను చెప్తుంటానే! ఆ కుడిచెయ్యి అసలు చెయ్యే కాదు, కట్టెముక్క. నేను చూసీ చూడ్డంతోనే పట్టేశాను. ఇరవైఒక్క రోజులు..."

హెడ్మాస్టరు ఆహా అన్నాడు. పాప నా కబుర్లకి నవ్వి, మాత్ర వేసుకునే వేళయిందని అమ్మ సంచీ తెరిచింది. ఆ ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ వాళ్లతో ఊరూరా తిరుగుతుంది, దారిలో ఫిట్స్ వస్తే ఏ డాక్టరుకైనా చూపించాలని. మాత్రల చీటీ కోసం కాగితాలు తిరగేస్తూ పాప అడుగునుంచి ఒకటి బయటికి లాగింది. మడతల దగ్గర చిరుగుపట్టింది. టీపాయ్ మీద పెట్టి, కుడి మణికట్టుతో అదిమిపట్టి, ఎడమచేత్తో మడతలు విప్పింది.

"పుర్రచెయ్యి. భయం లేదు. మళ్లీ రానవసరం లేదు." పైకి చదివింది. "ఇదేం చీటీమ్మా? పుర్రచెయ్యంట! ఈ రాత ఎవురిది తాతా, ఇంత గలీజుగా ఉండాది?"

వాళ్లమ్మ కూతురికి ఎప్పుడూ చెప్పలేదని అప్పుడు అర్థమైంది. ఆమె పాపని చూసింది. తరవాత నన్ను చూసింది. వార్డులో చూసిన చూపే.

హెడ్మాస్టరు కళ్లద్దాలు సర్దుకుని చీటీ మీదికి వంగాడు.

ఈసారి మూడు రోజులు పట్టలేదు.

"నాదే" అన్నాను.